ఏడుకి అయిదు

ఈ మధ్య పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నలుగురు ఆడవాళ్ళం కూర్చుంటే చీరల మాట, బంగారం మాట అయ్యాక తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. "మీ పిల్లలది ఏ సిలబస్?" మా చిన్నప్పుడు ఏ బడి అని అడిగేవాళ్ళు. తర్వాత ఏ మీడియం అని అడిగారు. ఇప్పుడు స్టేట్, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ అన్నీ దాటి ఐబీ దాకా వచ్చింది. ఆ మాట వినగానే తెలిసినట్టు తలూపి ఊరుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. పోయిన దసరా ముందు మాత్రం తలూపితే సరిపోని అవసరం వచ్చిపడింది.

హైదరాబాదులో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, చిన్నిని మా దగ్గరికి పంపు. మా పాప చదివే స్కూల్లోనే చేర్పిద్దాం. ఫీజులో సగం మేం పెట్టుకుంటాం" అంది. చిన్ని మా అమ్మాయి, ఏడో తరగతి. మాది జోగులాంబ గద్వాల జిల్లా ఇటిక్యాల. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల కాబట్టి మా వైపును నడిగడ్డ అంటారు. ఎర్రవల్లి చౌరస్తా దాకా ఆటోలో పోతే హైదరాబాదు బస్సు ఎక్కడం తేలికే. పన్నెండేళ్ళ పిల్లను ఆ బస్సెక్కించి ఏళ్ళ తరబడి పంపడమే తేలిక కాదు.

"సగం అంటే ఎంత?" అన్నారు మా ఆయన. చెల్లెలు చెప్పింది. మా రెండెకరాల సీడ్ పత్తి మీద ఖర్చులన్నీ పోను మిగిలేదానికన్నా ఆ సగమే ఎక్కువ. ఆయన ఇంకేం మాట్లాడకుండా చేనికి వెళ్ళిపోయారు.

చీర కొనేటప్పుడే మనం మడత విప్పి అంచు, కొంగు, లోపలి వైపు చూస్తాం. గద్వాల చీర అయితే ఒంటి నూలూ అంచు పట్టూ కలిసే చోట వేలితో తడిమి మరీ చూస్తాం. పిల్ల చదువును మడత విప్పకుండా ఎలా కొంటాం? అందుకే నాలుగు రోజులు కూర్చుని, చెల్లెల్ని విసిగించి, ఫోన్లో వెతికి, ఐబీ అంటే ఏమిటో తెలుసుకున్నాను. నాలాంటి అమ్మలకు పనికొస్తుందని నాకు అర్థమైన మాటల్లో రాస్తున్నాను.

ఐబీ అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్. 1968లో స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో మొదలైంది. ఉద్యోగాల కోసం దేశాలు తిరిగే వాళ్ళ పిల్లలు ఏ దేశంలోనైనా కాలేజీలో చేరేందుకు వీలుగా ముందు ఇంటర్ వయసు వాళ్ళకి రెండేళ్ళ చదువు పెట్టారు. 1994లో పదకొండు నుంచి పదహారేళ్ళ పిల్లల కోసం మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్ తెచ్చారు. అంటే మన ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అయిదేళ్ళు. ఆ తర్వాత 1997లో చిన్నపిల్లలకు ఇంకొకటి. మా చెల్లెలి కూతురు చదివేది ఈ మధ్యదే.

ఇందులో ఎనిమిది రకాల పాఠాలు ఉంటాయి. భాషా సాహిత్యం, ఇంకో భాష నేర్చుకోవడం, చరిత్ర-భూగోళం లాంటివి కలిసిన సమాజ పాఠాలు, సైన్సు, లెక్కలు, కళలు, ఆటలు-ఆరోగ్యం, వస్తువుల తయారీ నేర్పే డిజైన్. నన్ను ఆశ్చర్యపెట్టింది వేరే సంగతి. జెనీవా వాళ్ళు పాఠ్యపుస్తకం ఇవ్వరు. ఫలానా పాఠమే చెప్పండి అని కూడా అనరు. ఎలా చెప్పాలో, ఎలా దిద్దాలో ఒక చట్రం ఇస్తారు. ఏ దేశం సిలబస్‌నైనా అందులో ఇమిడ్చి చెప్పుకోవచ్చు. ప్రతి పాఠాన్నీ బయటి ప్రపంచంలోని ఏదో ఒక విషయానికి ముడిపెట్టాలి. మనం ఎవరం, మన చుట్టాలూ బంధాలూ ఎలాంటివి అన్నది ఒక విషయం. న్యాయం, అభివృద్ధి అన్నది ఇంకొకటి. ఇలాంటివి మొత్తం ఆరున్నాయి. ఏడాదికి ఒక్కసారైనా రెండు మూడు సబ్జెక్టులు కలిపి ఒకే పాఠంగా చెప్పాలి.

ఇది చదివాక గద్వాల చీర మళ్ళీ గుర్తొచ్చింది. నూలు, పట్టు ఎలా పుడతాయో సైన్సు, అంచు మీది కోటకొమ్మల వరుసలో లెక్కలు, నేతగాడి కూలి సాంఘిక శాస్త్రం, అది నేసే పద్ధతి డిజైన్. పాఠం మన బీరువాలో మడతపెట్టి ఉందన్నమాట.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. చెల్లెలు పాప ప్రోగ్రెస్ కాగితం ఫోన్లో పంపింది. సైన్సులో 5, సాంఘికంలో 6, లెక్కల్లో 5. మా ఆయన చూసి, "ఇన్ని లక్షలు పోస్తే అయిదా?" అని బిత్తరపోయారు. ఆ అయిదు ఏడుకి. ప్రతి సబ్జెక్టులో నాలుగు కొలతలు ఉంటాయట, ఒక్కొక్కటి ఎనిమిదికి. సైన్సులో అయితే విషయం తెలిసిందా, ప్రయోగాన్ని తనంతట తాను ఆలోచించి పెట్టుకుందా, వచ్చిన ఫలితాన్ని సరిగ్గా తేల్చుకుందా, ఆ సైన్సు వల్ల మనుషులకు ఏమవుతుందో ఆలోచించిందా అన్నవి ఆ నాలుగు. మొత్తం ముప్పైరెండుకి పంతొమ్మిది నుంచి ఇరవైమూడు దాకా వస్తే 5. ఇరవైఎనిమిది, ఆపైన వస్తే 7. పాఠం అప్పజెప్పినంత మాత్రాన 7 రాదు, ఎందుకంటే తెలిసినదానికి ఇచ్చేది నాలుగింట ఒక వంతే. "అంటే మా నాయనమ్మకు కూడా ఒకటి రెండు కొలతల్లో ఎనిమిది వస్తాయి" అన్నారు ఆయన. ఆవిడ సంతకం కూడా రాని మనిషి. విత్తనం చేతిలోకి తీసుకుని మొలుస్తుందో లేదో చెప్పేది.

దసరా సెలవులకు పాప మా ఊరు వచ్చింది. ఎనిమిదో తరగతి. ఆ వయసులో పిల్లలు కమ్యూనిటీ ప్రాజెక్టు అని ఒకటి చెయ్యాలట. ఒక్కరే చెయ్యొచ్చు, ముగ్గురి దాకా కలిసీ చెయ్యొచ్చు. ఒక్కొక్కరు పదిహేను గంటలైనా దాని మీద పెట్టాలి. చుట్టుపక్కల మనుషుల అవసరం ఏమిటో వెతకాలి, ఏం చెయ్యాలో అనుకోవాలి, చెయ్యాలి, చేశాక ఏం తెలిసిందో రాసుకోవాలి. దారిపొడుగునా ఒక నోటుబుక్కులో అంతా రాస్తూ ఉండాలి. పాపా, హైదరాబాదులో ఉన్న ఆమె స్నేహితురాళ్ళిద్దరూ ఎంచుకున్నది పత్తి చేలలో పనిచేసే ఆడపిల్లల చదువు. పాప ఆ నోటుబుక్కు పట్టుకుని వంటింట్లోకి వచ్చి నా పక్కన పీట వేసుకుంది.

మా వైపు తెలియని వాళ్ళకు సీడ్ పత్తి అంటే చెప్పాలి. ఇది బట్టకు పోయే పత్తి కాదు, విత్తనాల కోసం పండించేది. సాయంత్రం పూట, మర్నాడు పూయబోయే మొగ్గను పట్టుకుని రేకులనూ లోపలి పుప్పొడి తిత్తులనూ గోటితో ఒలిచేస్తారు. నడుమ కీలం ఒక్కటే మిగులుతుంది. పొద్దున్నే మగ చెట్ల పూలు తెచ్చి ఆ కీలానికి పుప్పొడి రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటాం. ఒక్క పూట వదలకుండా రెండు నెలలకు పైగా సాగుతుంది. ప్రపంచంలో మొదటిసారి ఇలా అమ్మకానికి తయారుచేసిన హైబ్రిడ్ పత్తి హెచ్-4, 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో పుట్టింది. ఆ పని మా నడిగడ్డ దాకా వచ్చేసరికి చిన్న వేళ్ళు, చెట్టుకు సరిపోయే చిన్న ఎత్తు, తక్కువ కూలి అని ఆడపిల్లల మీద పడింది. బడులు నడిచే నెలల్లోనే క్రాసింగ్ కూడా.

"పెద్దమ్మా, నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు మీ క్లాసులో ఎంతమంది అమ్మాయిలు?" అంది పాప.

మా పుట్టింటి ఊరి బడి కళ్ళముందు పెట్టుకుని, బెంచీల వరుసన వేళ్ళు మడిచాను. "పదిహేడు."

"పదో తరగతిలో?"

"నలుగురం."

పాప రాసుకుంది. తల ఎత్తి, "మిగతా పదముగ్గురు ఏమయ్యారు?" అంది.

ముప్పై ఏళ్ళుగా ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఒక్కొక్కరినీ గుర్తుచేసుకున్నాను. ఇద్దరికి ఏడులోనే పెళ్ళి. ముగ్గురు అమ్మానాన్నలతో వలస పోయారు. మిగతా ఎనిమిది మంది ఒక క్రాసింగ్ సీజన్‌కు పోయి, సీజన్ అయ్యాక వెనకబడిన పాఠాలు అందక, మళ్ళీ రాలేదు. మా అమ్మ నన్ను మాత్రం సెలవు పూటే చేనికి పంపేది. బడి పూట మా నాయన పిలిచినా అడ్డం నిలబడేది. ఆవిడ అలా నిలబడబట్టే నేను గద్వాలలో డిగ్రీ దాకా వచ్చి, బీఏలో తెలుగు చదువుకున్నాను.

ఆ ఎనిమిది మందిలో ఒకామె మా ఊరికే కోడలై వచ్చింది. మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. పాపను తీసుకుపోయాను. ఆమె నవ్వుతూనే చెప్పింది. "బడి దూరమై మానలేదు బిడ్డా. చేను దగ్గరై మానినాను."

పాప ఆ మాటను రికార్డు చేసుకుంది కానీ తెలుగులో రాసుకోలేకపోయింది. ఇక్కడ నా మనసుకు గుచ్చుకున్న సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళ చదువులో భాషలు రెండు రకాలు. బాగా వచ్చిన భాషలో సాహిత్యం చదువుతారు. రాని భాషను కొత్తగా నేర్చుకుంటారు. పాపకు సాహిత్యం ఇంగ్లీషులో, తెలుగేమో నేర్చుకునే భాషల వరుసలో. మా అమ్మ మనవరాలికి తెలుగు పరాయి భాషల గూట్లో చేరింది. దీనికి జెనీవా వాళ్ళను అనడానికి లేదు. ఇంటి భాషను నిలబెట్టుకోవాలి, దాని మీదే మిగతా చదువు నిలుస్తుంది అని ఐబీ వాళ్ళే చెబుతారు. మన తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం కూడా ఏ బోర్డు బడిలోనైనా పదో తరగతి దాకా తెలుగు చెప్పాలంటుంది. ఇంట్లో తల్లీపిల్లా ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటే ఏ చట్టం ఏం చేస్తుంది?

అక్కడే మా చిన్ని పనికొచ్చింది. ఆమె చెప్పిందంతా విని తెలుగులో రాసింది. పాప చెబుతుంటే పక్కన ప్రశ్నలు చేర్చింది. ఇద్దరూ అరుగు మీద బోర్లా పడుకుని రాస్తుంటే ఒకరికి మాట వచ్చు, ఒకరికి అడగడం వచ్చు అనిపించింది.

మూడో రోజు పాప నన్ను ఇంకో ప్రశ్న అడిగింది. "ఆదివారం చిన్ని మీ చేనుకు వెళ్తుంది కదా పెద్దమ్మా. అది పనా, కాదా?"

"సొంత చేను. బడి లేని రోజు. గంట సేపు. వాళ్ళ నాన్న పక్కనే ఉంటారు" అన్నాను. అది నిజమే. పాప ఊరుకోకుండా చట్టం వెతికింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని సొంత ఇంటి పనిలో సాయం చెయ్యొచ్చు. పాప అది రాసి, దాని కింద "మరి సొంత చేను లేని పిల్లకు?" అని రాసింది. జవాబు రాయలేదు. జవాబు లేకపోయినా ఆ ప్రశ్నకు విలువ ఇస్తారట వాళ్ళ బడిలో. నాకు ఆ చదువు మీద గౌరవం కలిగింది ఆ పూటే.

పాప వెళ్ళేముందు ముగ్గురు పిల్లలూ ఫోన్లలో మాట్లాడుకుని ఎనిమిది పేజీల చిన్న తెలుగు పుస్తకం తయారుచేశారు. క్రాసింగ్ బొమ్మలు, చట్టంలోని మాట, మధ్యలో చదువు మానిన ఆడపిల్లలు కస్తూర్బా గాంధీ విద్యాలయంలో ఉండి చదువుకోవచ్చన్న సమాచారం. మా వీధి ఆడవాళ్ళను పిలిచి చదివి వినిపించారు. పాప తడబడితే చిన్ని అందుకుంది.

సెలవులయ్యాక చిన్ని తన క్లాసులో లెక్క మొదలుపెట్టింది. మన ప్రభుత్వ బడుల్లోనూ ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. పిల్లల భాగస్వామ్యానికి, సొంతంగా రాసినదానికి, ప్రాజెక్టుకు, చిన్న పరీక్షకు విడివిడిగా వేస్తారు. కాగితం మీద చూస్తే జెనీవా పద్ధతికి మరీ దూరం కాదు. కాకపోతే చాలా చోట్ల అది గైడు చూసి చార్టు రాయడంతో ముగుస్తుంది. ఒక్కో టీచరుకు అంతమంది పిల్లలున్నప్పుడు ఎవరి నోటుబుక్కు తెరిచి "మిగతా పదముగ్గురు ఏమయ్యారు" అని అడగగలరు? చిన్ని వాళ్ళ సాంఘికం టీచరు మాత్రం ఒప్పుకున్నారు. వరుసగా మూడు రోజులకు మించి రానివాళ్ళు అయిదుగురని, అందులో నలుగురు ఆడపిల్లలని తేలింది. టీచరు ఇళ్ళకు వెళ్ళి మాట్లాడారు. ఇద్దరు తిరిగొచ్చారు. ఇద్దరే.

ఈ సంగతులన్నీ ఫోన్లో చెబుతుంటే కర్నూలులో ఉండే మా ఆడబిడ్డ నిట్టూర్చింది. తుంగభద్ర దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడ 2024 జనవరి 31న ప్రభుత్వం ఐబీతో ఒప్పందం చేసుకుంది. సర్కారు బడుల్లోనే ఈ చదువు, పైసా ఫీజు లేకుండా అన్నారు. ముందు టీచర్లకు శిక్షణ, 2025లో ఒకటో తరగతితో మొదలు, ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ 2035కు పదో తరగతి అని లెక్క. ఆమె కొడుకు అప్పటికే ఆరో తరగతి. ఒకటో తరగతి నుంచి మెట్టు మెట్టుగా వచ్చే చదువు వాడి కన్నా అయిదు మెట్లు వెనకే ఉంటుంది, ఎప్పటికీ అందదు. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వం మారింది, ఆ పని ముందుకు సాగలేదు. "వస్తుందన్నారు, పోయిందన్నారు. మా వాడు మాత్రం పోయిన క్లాసు నుంచి వచ్చే క్లాసుకు పోతూనే ఉన్నాడు" అంది. పిల్లల వయసు ఎవరి కోసమూ ఆగదు కదా.

ఇక మా నిర్ణయం. చిన్ని పదో తరగతి దాకా ఇక్కడే చదువుతుంది. చెల్లెలికి ఆ మాటే చెప్పాను. పాప బడిలోని ల్యాబు, లైబ్రరీ, ఒక్కొక్క పిల్ల నోటుబుక్కూ చదివే తీరిక ఉన్న టీచర్లు మా చిన్నికి ఇక్కడ లేరు. రెండూ ఒకటేనని నన్ను నేను సముదాయించుకోను. పాపకు దొరికేది నిజంగా మంచి చదువు. కానీ ఆ ఫీజు మూడేళ్ళు కట్టాలంటే పొలం మీద అప్పు చెయ్యాలి. ఒక్క ఏడు వాన తప్పితే చదువు మధ్యలో ఆపి పిల్లను వెనక్కి తేవాలి. మా క్లాసులో ఎనిమిది మందికి జరిగింది అదే. సీజన్‌కు పోయి, మధ్యలో తెగి, మళ్ళీ కలవలేకపోయారు. పేరు ఎంత గొప్పదైనా మధ్యలో తెగే చదువు మా పిల్లకు వద్దనుకున్నాం.

చిన్నిని కూడా అడిగాం. "నేను వెళ్తే మా క్లాసు లెక్క ఎవరు రాస్తారు?" అంది. అది ధైర్యమో, అమ్మను వదల్లేని బెంగో నాకు తెలియదు. రెండూ అయ్యుండొచ్చు.

మీలో స్తోమత ఉండి ఈ చదువు వైపు చూసేవాళ్ళు ఉంటే, చేర్చేముందు బడి వాళ్ళను నాలుగు మాటలు అడగండి. ఈ ప్రోగ్రామ్ చెప్పేందుకు ఐబీ అనుమతి వచ్చిందా, ఇంకా దరఖాస్తులోనే ఉందా. పదో తరగతి అయ్యాక పిల్లకు ఏ సర్టిఫికెట్ చేతికొస్తుంది, దానితో మన ఇంటర్‌లో చేరాలంటే ఏ కాగితాలు కావాలి. తెలుగు ఏ స్థాయిలో, వారానికి ఎన్ని పీరియడ్లు చెబుతారు. టీచర్లు ఏడాది మధ్యలో మారిపోతుంటారా. బిల్డింగు, స్విమ్మింగ్ పూల్ తర్వాత చూడొచ్చు.

స్తోమత లేనివాళ్ళం, మనకు ఈ ఊసు ఎందుకని వదిలెయ్యనక్కర్లేదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు "ఎన్ని మార్కులు" అనే మాటను ఒక రోజు పక్కన పెట్టి, "ఈ రోజు నువ్వేం అడిగావు?" అని అడిగి చూడండి. మొదట్లో చిన్ని మొహం మొహం చూసింది. ఇప్పుడు వాళ్ళ నాన్న భోజనానికి కూర్చుంటే చాలు, పురుగుమందు డబ్బా మీది ఎర్ర గుర్తు దగ్గర్నుంచి కూలి లెక్కల దాకా అడుగుతుంది. ఆయన విసుక్కుంటూనే జవాబు చెబుతున్నారు. తెలియనివి మర్నాడు కనుక్కుని వచ్చి చెబుతున్నారు.

చెల్లెలు కాస్త నొచ్చుకుంది. "సగం ఫీజు ఇస్తానన్నా వద్దన్నావు" అంది. "ఫీజు వద్దు కానీ నాకు ఇంకొకటి ఇవ్వు" అన్నాను. "ఏటా ఎండాకాలం పాపను నెల రోజులు నా దగ్గరికి పంపు. తెలుగు నేను చెబుతాను. అడగడం అది చిన్నికి చెబుతుంది."

కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. తర్వాత, "ఏప్రిల్ చివర్లో పంపుతాను, మామిడికాయ పచ్చడి పెట్టే వేళకి" అంది.